సిరిమల్లె, డోర్ నంబరు 12-6-19

మా కొబ్బరివలస పురపాలక సంఘం ఒక ఇంటికి జనన ధ్రువీకరణ పత్రం ఇచ్చిందని ఊళ్ళో చెప్పుకుని నవ్వుతున్నారు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. ఆ ఆఫీసులో పదకొండేళ్ళుగా మేనేజరుగా ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. ప్రతి కాగితం మీదా సంతకం ఉంది. చాలావాటి మీద ఉన్నది నా సంతకమే.

మాది ఒకటే పెద్ద హాలు. ఇంటిపన్నుల విభాగం, నీటి విభాగం, జనన మరణాల విభాగం, పాఠశాలల విభాగం తలొక మూలా ఉంటాయి. నాలుగింటికీ నాలుగు రకాల కంప్యూటర్ ప్రోగ్రాములు. ఒక్కొక్కటి ఒక్కో కమిషనర్ హయాంలో ఒక్కో కంపెనీ దగ్గర కొన్నవి. పన్నుల ప్రోగ్రాముకు మనుషులు తెలియదు, డోర్ నంబర్లే తెలుసు. నీటి ప్రోగ్రాముకు కుళాయి నంబరు తప్ప మరేదీ పట్టదు. జననాల ప్రోగ్రాము ఇంటిపేరు ముందు రాయకపోతే పలకదు. పాఠశాలల ప్రోగ్రాము వయసెంత అని తప్ప ఇంకేమీ అడగదు. ఒకదాని మాట ఇంకొకదానికి అర్థం కాదు.

అయినా పనులు ఆగేవి కావు, బంగారమ్మ ఉండేది కనుక. బంగారమ్మ మా అటెండరు. పన్నుల మూల నుంచి కాగితం పట్టుకుని నీటి మూలకు వెళ్ళి, "బాబూ, ఈ కాగితంలో ఉన్న అప్పలసూరి, నీ పుస్తకంలో ఉన్న ఎ. సూర్యారావు ఒకలేనయ్యా. ఆల పెద్దమ్మాయి పెళ్ళికి నాను ఎల్లేను" అని చెప్పేది. రెండు రోజుల్లో కుళాయి వచ్చేది.

దసరా వెళ్ళాక కొత్త కమిషనర్ పరాంకుశం గారు వచ్చారు. మంచి మనిషి. వచ్చిన మూడోవారమే ఏదో హోటల్లో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక తోలు సంచీతోనూ గట్టి నమ్మకంతోనూ తిరిగొచ్చారు. ఆ నమ్మకం పేరు ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్. దాన్ని బిగించడానికి తనూజ్ అనే కుర్ర ఇంజినీరు కూడా వచ్చాడు. మొదటి సమావేశంలో బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, వాటి మధ్య ఒక పొడుగాటి గీత గీశాడు.

"సార్, మీ సర్వీసులన్నీ ఒకదానితో ఒకటి నేరుగా కలిపితే దారం ఉండలాగా చిక్కుపడిపోతాయి. అందుకని మధ్యలో బస్ పెడతాం. పన్నులు చెప్పాల్సింది బస్‌కే చెప్తుంది. బస్ దాన్ని నీళ్ళవాళ్ళకి అర్థమయ్యే భాషలోకి మార్చి అందిస్తుంది. ఎవరికీ ఎవరూ తెలియక్కర్లేదు. దీన్ని లూజ్ కప్లింగ్ అంటాం. నేరుగా ముడిపడి ఉంటే అది టైట్ కప్లింగ్, దానివల్ల సిస్టమ్ పాడైపోతుంది."

టీ గ్లాసులు తెచ్చిన బంగారమ్మ అడిగింది. "ఆ బస్సు మన ఆఫీసు ముందర ఆగుతాదా బాబూ?"

"అది కనిపించే బస్ కాదమ్మా, సాఫ్ట్‌వేర్."

"కనిపించకపోతే ఎక్కీదెలాగ?" అంది గ్లాసులు పంచుతూ.

తనూజ్ చెప్పింది యంత్రాల గురించి. కానీ పరాంకుశం గారు ఏ సిద్ధాంతాన్నీ సగంలో వదిలే మనిషి కాదు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, సేవల అనుసంధానము సంపూర్ణముగా నెరవేరు నిమిత్తము, ఏ విభాగపు సిబ్బందియు మరియొక విభాగపు సిబ్బందితో నేరుగా సంభాషించరాదు. సమస్త సమాచారము బస్సు ద్వారా మాత్రమే ప్రయాణించవలెను. టైట్ కప్లింగునకు పాల్పడువారిపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును."

హాలు నిశ్శబ్దమైపోయింది. బంగారమ్మను నా గది బయట స్టూలు మీద కూర్చోబెట్టాం. ఆమె అటూ ఇటూ తిరగడం నేరుగా సంభాషించడం కిందికే వస్తుందని కమిషనర్ గారి అభిప్రాయం. పన్నులవాళ్ళకు స్టేప్లర్ కావాల్సి వచ్చింది. పక్క బల్ల మీద కనబడుతూనే ఉంది, అయినా బస్సుకు రాసుకున్నారు. బస్సు నాలుగు రోజులు ఆలోచించి, పాఠశాలల విభాగానికి నలభై పెట్టెల సుద్దముక్కలు మంజూరు చేసింది. బడుల్లో సుద్దముక్కలు లేక చాలాకాలమైంది కనుక ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అనుసంధానం మొదటి ఫలితం అదేనని నివేదికలో రాశాం.

ఈ కథ నిజానికి జోగారావు, శేషవేణి దంపతులది. జోగారావు నీటి విభాగంలో సీనియర్ అసిస్టెంటు. శేషవేణి పన్నుల విభాగంలో. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. రోజూ మధ్యాహ్నం ఒకే క్యారియర్ విప్పుకుని, ఒకే బల్ల దగ్గర తినేవారు. మా ఆఫీసులో ఉన్న ఏకైక కపుల్ వాళ్ళే. కమిషనర్ గారు ఇద్దర్నీ పిలిపించారు.

"మీ వ్యక్తిగత జీవితంలో జోక్యం చేసుకునే ఉద్దేశం నాకు లేదు. కానీ వాస్తుదృష్ట్యా, అంటే సిస్టమ్ వాస్తుదృష్ట్యా, మీది టైట్ కప్లింగ్. ఇంటి దగ్గర కూడా ఆఫీసు విషయాలు మాట్లాడుకోబోమని హామీపత్రం ఇవ్వండి."

ఇద్దరూ ఇచ్చారు. ఆ రోజు అన్నం గిన్నె జోగారావు బల్ల మీద, కూర గిన్నె శేషవేణి బల్ల మీద ఉండిపోయాయి. ఆయన ఒట్టి అన్నం, ఆవిడ ఒట్టి వంకాయ కూర తిన్నారు. మర్నాటి నుంచి శేషవేణి రెండు క్యారియర్లు కట్టింది.

వాళ్ళు అప్పటికే పన్నెండో వార్డులో చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. మాఘమాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. రంగులు కూడా అయ్యాయి, కుళాయి ఒక్కటే రావాలి. కుళాయి రావాలంటే ఆ ఇల్లు మా పుస్తకాల్లో నమోదైందని పన్నుల విభాగం నీటి విభాగానికి చెప్పాలి. అంటే భార్య భర్తకు చెప్పాలి. ఇద్దరి మధ్య దూరం ఇరవై అడుగులు.

పుష్యం సగమయ్యాక ఒకరోజు జోగారావు నా గదిలోకి వచ్చాడు.

"మేనేజరు గారూ, మా ఆవిడ ఎనిమిది రోజుల కిందటే బటన్ నొక్కీసిందండి. నాకు ఇంకా ఏటీ రాలేదు."

"ఆవిడ నొక్కిందని మీకెలా తెలుసు?" అన్నాను.

జోగారావుకు హామీపత్రం గుర్తొచ్చినట్టుంది.

"నాకు తెలీదండి," అన్నాడు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. అయితే నీటి విభాగానికి కాదు, జననాల విభాగానికి. ఆ మూల ప్రింటరు కిర్రుమని ఒక ధ్రువీకరణ పత్రాన్ని బయటికి తోసింది.

బస్సు చేసిన దాంట్లో తప్పు పట్టడానికి లేదు. పన్నుల దరఖాస్తులో "ఇంటి పేరు" అని ఒక గడి ఉంటుంది. శేషవేణి అందులో గోడ మీద రాయించుకున్న పేరే, సిరిమల్లె అని రాసింది. బస్సుకు తెలిసినంతలో ఇంటిపేరు ఉండేది మనుషులకు, ఇంకే పేరూ లేదు కనుక మనిషి పేరూ అదే అనుకుంది. డోర్ నంబరు 12-6-19. అది పన్నెండో తారీఖు, జూన్ నెల, రెండువేల పందొమ్మిది అనుకుంది. ఉమ్మడి యజమానులుగా ఒక మగ పేరు, ఒక ఆడ పేరు ఉన్నాయి. పేరు, తేదీ, అమ్మా నాన్నా ఉన్నాక అది జననం కాక మరేమిటి? వైశాల్యం 1080 చదరపు అడుగులని ఉంటే, పుట్టినప్పటి బరువు 1080 గ్రాములని వేసింది. పేరును బట్టి ఆడపిల్ల అని జననాల గుమాస్తా తేల్చాడు.

ఆ పత్రాన్ని తల్లిదండ్రులకు అందజెయ్యడం నా విధి. శేషవేణి బల్ల దగ్గరికి వెళ్ళి ఇచ్చాను. నేను ఏ విభాగానికీ చెందను కనుక ఎవరితోనైనా మాట్లాడవచ్చు. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "బిడ్డ పేరు: సిరిమల్లె. తల్లి పేరు: శేషవేణి" అన్న వరుస దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని మడతపెట్టకుండా జాగ్రత్తగా ఫైలులో పెట్టుకుంది.

సాయంత్రం జోగారావు సైకిల్ స్టాండు దగ్గర నాతో అన్నాడు. "ఆ పేరు ఇంటికని అనుకున్నది కాదండి. పెళ్ళైన కొత్తలో ఎప్పుడో అనుకున్నాం. పిల్లలు కలగలేదు. పేరు ఉండిపోయింది కదా, ఇంటికైనా పెట్టుకుందాం అంది."

అది ఆఫీసు విషయమో కాదో నాకు తేలలేదు.

వారం తిరగకుండా ఆరోగ్య కార్యకర్త ఒకామె బరువు తూచే యంత్రంతో వాళ్ళింటికి వెళ్ళింది. బరువు తక్కువ బిడ్డల జాబితాలో సిరిమల్లెది మొదటి పేరు. జోగారావు గడప దగ్గర నిలబడి, "ఇదేనమ్మా" అని గోడ చూపించాడు. ఆమె గోడను చూసింది, జాబితాను చూసింది, ఇంకా పదిహేడు ఇళ్ళు తిరగాల్సి ఉంది. "ఎదుగుదల బాగుంది" అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పాఠశాలల విభాగం నోటీసు వచ్చింది. ఆరేళ్ళు నిండిన బాలికను బడిలో చేర్పించనందుకు తల్లిదండ్రులు సంజాయిషీ చెప్పుకోవాలి. కమిషనర్ గారి గదిలో విచారణ జరిగింది. దంపతులు, తనూజ్, నేను ఉన్నాం.

"జోగారావు గారూ, మీరు చదువుకున్నవారు, పైగా ప్రజాసేవకులు. ఆడపిల్లను బడికి పంపకపోవడం తీవ్రంగా పరిగణించవలసిన విషయం," అన్నారు పరాంకుశం గారు.

"సార్, అది ఇల్లండి."

"ఇల్లని మీరంటున్నారు. బస్సు అనడం లేదు."

"ఒక్కసారి మీరొచ్చి చూడండి సార్. కిటికీలూ తలుపులూ ఉన్నాయి."

"నేను కళ్ళతో చూసి నిర్ణయించడం మొదలుపెడితే ఇక వ్యవస్థ దేనికండీ?" అని ఆయన సౌమ్యంగానే అన్నారు. "మీ కుళాయి సంగతి కూడా పరిశీలించాను. సదరు దరఖాస్తు మైనర్ పేరిట ఉంది. మైనర్లకు కుళాయి మంజూరు చేయుటకు నిబంధనలు అనుమతించవు. రెండువేల ముప్ఫై ఏడు జూన్ పన్నెండు తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు."

తనూజ్ చెవులు ఎర్రబడ్డాయి. "సార్, మ్యాపింగ్‌లో, అంటే ఏ గడి ఏ గడికి వెళ్ళాలన్న చోట, చిన్న తప్పు. పది నిమిషాల్లో సరిచేసేస్తాను."

"చెయ్యండి మరి."

"మార్పు కోసం అభ్యర్థన రావాలి సార్. పన్నులవాళ్ళూ నీళ్ళవాళ్ళూ కలిసి కూర్చుని రాయాలి."

కమిషనర్ గారు తల అడ్డంగా ఊపారు. "కలిసి కూర్చోవడం కుదరదు. బస్సు ద్వారా రమ్మనండి."

అభ్యర్థన బస్సెక్కింది. ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియలేదు.

ముహూర్తం ఇక పన్నెండు రోజులుంది. బిందెలతో నీళ్ళు మోసుకుని గృహప్రవేశం చేసుకోమని బంధువులు సలహా ఇచ్చారు. జోగారావు ముహూర్తం మార్చేద్దామన్నాడు. శేషవేణి రెండూ వినలేదు. వారం రోజుల్లోగా బడిలో చేర్పించాలని నోటీసులో ఉంది కదా అని, మర్నాడు సెలవు పెట్టి పన్నెండో వార్డు మున్సిపల్ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళింది. తెలిసింది ఏమిటంటే, అక్కడి ప్రధానోపాధ్యాయురాలు సువార్త గారికీ ఒక నోటీసు వచ్చి ఉంది. ఆమె బడిలో పందొమ్మిది మంది పిల్లలున్నారు. ఇరవైకి తగ్గితే బడి ఎత్తేసి, పిల్లల్ని హైవే అవతల ఉన్న బడిలో కలిపేస్తారు. లారీలు తిరిగే ఆ రోడ్డు ఆరేళ్ళ పిల్లలు ఎలా దాటతారన్న ప్రశ్నను బస్సు ఇంకా ఏ భాషలోకీ మార్చలేదు.

సువార్త గారు జనన పత్రాన్ని రెండుసార్లు చదివారట. మూడోసారి చదువుతూ ప్రవేశాల రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు.

"పాప బడికి రాగలదామ్మా?"

"రాలేదండి."

"నడవదా?"

"పునాది ఆరడుగులు వేశామండి."

"మరేం ఫర్వాలేదు," అన్నారు సువార్త గారు. "రాలేని పిల్లల దగ్గరికి బడే వెళ్ళాలని రూల్ ఉంది. మా ఒకటో తరగతి గది కప్పు ఎలాగూ కారుతోంది. మీ ముందు గదిలో పెట్టుకుంటాం. మీకు అభ్యంతరమా?"

"మేం పగలంతా ఆఫీసులోనే ఉంటామండి. గది ఖాళీయే," అంది శేషవేణి. "పిల్లలకి చాపలు నేను కొంటాను" అని కూడా అంది.

సువార్త గారు ముప్ఫై రెండేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. బోధన జరిగే ప్రతి స్థలానికీ ఏడు రోజుల్లో తాగునీరు ఇవ్వాలన్న ఉత్తర్వు నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఆ నంబరు వేసి, ఒకటో తరగతి కొత్త చోటికి కుళాయి కావాలని పాఠశాలల విభాగం ద్వారా బస్సుకు ఇచ్చారు. డోర్ నంబరు మళ్ళీ పుట్టినతేదీ అయిపోకుండా ఆ గడిని ఖాళీగా వదిలేసి, సిరిమల్లె ఇల్లు, గాంధీబొమ్మ వెనక వీధి అని మాటల్లో రాశారు. అరగంటలో నీటి విభాగం తెర మీద పచ్చరంగు దీపం వెలిగింది. బస్సు వచ్చాక ఆ మూల పచ్చరంగు కనబడ్డం అదే మొదలు. జోగారావు "మంజూరు" నొక్కి, అలవాటు కొద్దీ హాలు అవతలికి చూశాడు. శేషవేణి తలెత్తకుండా పన్ను రసీదులు రాసుకుంటోంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. దాన్ని సంభాషణగా పరిగణించాలా అని నేను ఆలోచించి, పరిగణించలేదు.

ముహూర్తానికి రెండు రోజుల ముందు కుళాయి వచ్చింది. గృహప్రవేశానికి కమిషనర్ గారు కూడా వచ్చారు. ఇల్లంతా తిరిగి చూశారు. వంటింటి గోడను ఒకసారి చేత్తో తట్టారు కూడా. కుళాయి దగ్గర నిలబడి, సమగ్ర అనుసంధానం వల్ల సామాన్యుడి గడపలోకి నీరు ఎలా వచ్చిందో చెబుతూ చిన్న ఉపన్యాసం ఇచ్చారు. పొయ్యి మీద పాలు పొంగడంతో అంతటితో ఆపారు.

సోమవారం నుంచి ముందు గదిలో ఒకటో తరగతి మొదలైంది. ఏడుగురు పిల్లలు చాపల మీద, ఎనిమిదో విద్యార్థిని వాళ్ళ చుట్టూ. రోజూ తొమ్మిది గంటలకు సువార్త గారు హాజరు పిలిచేవారు. సిరిమల్లె పేరు వచ్చినప్పుడు పిల్లలంతా కలిసి "వచ్చింది టీచర్!" అని అరిచేవారు. శేషవేణి ఆ అరుపు విన్నాకే ఆఫీసుకు బయల్దేరేది. రోజూ ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది. కారణం గడిలో "పాపను బడికి పంపడం వల్ల" అని రాసేది. తల్లులైన ఉద్యోగినులకు పది నిమిషాల వెసులుబాటు ఉంది కనుక నేను సంతకం పెట్టేవాణ్ణి.

ఏప్రిల్లో చిక్కు వచ్చింది. పై నుంచి అధికారుల బృందం బస్సును చూడ్డానికి వస్తుందని కబురు. ఇక అభ్యర్థన కోసం ఆగకుండా తనూజ్ దాచిపెట్టుకున్న పది నిమిషాల పని చేసేశాడు. ఇళ్ళు ఇళ్ళుగా, మనుషులు మనుషులుగా వెళ్ళసాగారు. పాత తప్పుల్ని తుడిచేసుకోవాలని అన్ని విభాగాలకూ ఆదేశాలు వెళ్ళాయి. జననాల ప్రోగ్రాములో ఒక పేరు తీసెయ్యడానికి ఒకటే మార్గం ఉంది. మరణం నమోదు చెయ్యడం. తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

ఆ కాగితం బస్సెక్కి, ఈసారి ఎక్కడా దారి తప్పకుండా, తిన్నగా శేషవేణి బల్ల మీదికి వచ్చింది.

ఆవిడ చదివింది. లేచింది. అయిదు నెలల్లో ఏ విభాగంవాళ్ళూ దాటని హాలును అడ్డంగా దాటి జోగారావు బల్ల ముందు నిలబడింది.

"ఏవండీ," అంది అందరికీ వినబడేలా. "ఇదేటో చూశారా? నా చేత్తో రాయమంటున్నారు."

జోగారావు చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు రాయొద్దు. నేనూ రాయను. ఏం చేస్తారో చెయ్యనీ."

హాలంతా వాళ్ళనే చూస్తోంది. కమిషనర్ గారు అలికిడి విని గది తలుపు దగ్గరికి వచ్చారు. అది టైట్ కప్లింగ్ అని అక్కడున్న అందరికీ తెలుసు.

శేషవేణి ఆయన వైపు తిరిగింది. "అది ఇల్లేనని నాకు తెలుసండి సార్. నేనేం పిచ్చిదాన్ని కాదు. మొదట్నుంచీ ఇల్లేనని చెప్తూనే ఉన్నాం, మీరే పిల్లన్నారు. చేర్పించమన్నారు, చేర్పించాను. రోజూ హాజరు పలుకుతున్నారు. ఇవాళ చచ్చిపోయిందని రాయమంటే ఎలా రాస్తానండి? అది రాస్తే బడిలో మళ్ళీ పందొమ్మిది మందే. ఆ పిల్లలు లారీల రోడ్డు దాటాలి."

పరాంకుశం గారు గడప దాటి ముందుకు వచ్చారు. ఏదో నిబంధన చెప్పబోయి, గుర్తుకు రానట్టు ఆగారు. చెయ్యి చాపి కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రం దాకా తలుపు తెరుచుకోలేదు. అయిదుంపావుకు ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఆకుపచ్చ సిరాతో, ఆయన చేతిరాతతో నాలుగు వాక్యాలున్నాయి. మొదటి రెండూ ఏవో రాసి కొట్టేశారు. మిగిలినవి ఇవి:

"సదరు బాలిక జీవించి ఉన్నట్లు తల్లిదండ్రులు ఇరువురు నా సమక్షమున నేరుగా ధ్రువీకరించియున్నారు. రెండవ తరగతి పుస్తకములు సకాలములో అందునట్లు చూడగలరు."